మా తాత పిట్టలు, కొన్ని పిట్టకథలు

మా తాతకు ఒక అలవాటు ఉండేది. ఏ మాట చెవిన పడ్డా "గీ మాట యాడికెల్లి వచ్చిందిరా?" అని అడిగేవాడు, మేం ఆలోచించేలోపే తనే చెప్పేసేవాడు, అందులోనూ పిట్టల పేర్లయితే ఇంక చెప్పనక్కర్లేదు, కంచంలో అన్నం చల్లారిపోయినా సరే ఆ పేరు అంతు చూడందే ముద్ద ఎత్తేవాడు కాదు. నిజాం కాలంలో ఉర్దూ మీడియం చదువు ఆయనది, ఇంటి లెక్కలు చివరిదాకా ఉర్దూలోనే రాసుకున్నాడు, భాగవతం పద్యాలు మాత్రం నోటికి వచ్చు. నాయనమ్మది సిద్దిపేట వైపు పల్లె, బడికి పోలేదు గానీ చేను మీద వాలే ప్రతి పిట్టకీ ఆమె దగ్గర ఒక పేరుండేది. అమ్మది గుంటూరు వైపు. సికింద్రాబాద్ చిలకలగూడలో రెండు గదుల పోర్షన్‌లో ఈ ముగ్గురి మాటల మధ్య పెరిగాం నేనూ తమ్ముడూ, అందుకే మాకు ఒక్కో పిట్టకి రెండు మూడు పేర్లు, ఒక్కో పేరుకి రెండు మూడు కథలు.

మా ఏరియా పేరుతోనే మొదలయ్యేది. "తాతా, మనది చిలకల గూడా?" అని తమ్ముడు అడిగేవాడు. "గూడు కాదురా, గూడ. బోయిగూడ, లాలాగూడ, చిలకలగూడ, అన్నీ గూడలే. గూడెం అంటరు సూడు, గదే" అనేవాడు తాత. మరి చిలకలో అంటే మాట్లాడకుండా ఎదురింటి వేపచెట్టు వైపు వేలు చూపించేవాడు. సాయంత్రం అయిదున్నర దాటితే ఆ చెట్టు నిండా చిలకలే, ఆకు ఏదో చిలక ఏదో తెలిసేది కాదు, ఆ గోలలో రేడియోలో వార్తలు కూడా వినపడేవి కాదు. అంతకన్నా రుజువు మాకు అక్కర్లేకపోయింది. అక్కడి నుంచి చిలక మీద పడేవాడు, గోడకి బట్టలు తగిలించే చిలకకొయ్య, నాయనమ్మ మడిచే తమలపాకు చిలకలు, చిలకపచ్చ చీర, చిలకపలుకులు, చిలకజోస్యం, ఇల్లంతా చిలకలే తిరుగుతున్నట్టు వరసగా చెప్పుకుపోయేవాడు. గోరింక పేరు మాత్రం నాయనమ్మ చెప్పేది, గోరువంక అంటే గోరులాగ వంక తిరిగినది అని తన బొటనవేలి గోరు చూపించి. అది నిజమైన వ్యుత్పత్తా, ఆమె సొంతమా అని మేం ఎప్పుడూ అడగలేదు, ఆ గోరుకి ఎప్పుడూ గోరింటాకు ఉండేది కాబట్టి గోరింక, గోరింటాకు కూడా అక్కాచెల్లెళ్ళే అని నమ్మాం.

మా ఇంట్లో తెలుగు ఉర్దూ కలిసిపోయి పుట్టిన తమాషాలు అన్నీ ఇన్నీ కావు. పాతబస్తీలో హుస్సేనీ ఆలం దగ్గర కబూతర్‌ఖానా ఉంది కదా, పావురాల కోసం కట్టిన ఇల్లు, తాత ఒకసారి తీసుకెళ్ళి చూపించాడు. గూళ్ళు గూళ్ళుగా కట్టిన గోడ, ప్రతి గూట్లోంచీ ఒక మెడ బయటకి వచ్చి మమ్మల్ని చూడటం. ఆ తర్వాత ఓ రోజు అమ్మ "మీ నాన్న బాతాఖానీ వేస్తూ కూర్చున్నారు, ఇప్పట్లో రారు" అంటే తమ్ముడు చెప్పులు వేసుకుని వచ్చేశాడు, బాతులు చూస్తానని. కబూతర్‌ఖానాలో కబూతర్లుంటే బాతాఖానీలో బాతులుండాలి కదా, వాడి లెక్క వాడిది. తాత నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, బాత్ అంటే మాట, బతక్ అంటే బాతు, ఇవి రెండూ వేరురా అని విడమరిచి చెప్పాడు, చెప్పి ఊరుకోలేదు, ఆ తర్వాత ఇరానీ హోటల్‌కి బయల్దేరినప్పుడల్లా "బాతుల కాడికి పోయొస్త" అనే అనేవాడు. మా ఇంట్లో ఇప్పటికీ అదే మాట నడుస్తోంది.

పిట్ట అన్న మాట మీద ఆయనకి ప్రత్యేకమైన ప్రేమ. మేడ మీద పిట్టగోడ ఎక్కి కూర్చుంటే నాయనమ్మ కింద నుంచి కేకలు పెట్టేది, తాత మాత్రం దాన్ని తడుతూ "పిట్ట వాలేటంత గోడ గనక పిట్టగోడ. పెద్ద కథ నడుస్తుండగ నడుమ వచ్చి వాలి ఎగిరిపోయేది పిట్టకథ. చిన్నది ఏదున్నా మనోళ్ళు పిట్ట అన్నరు" అని చెప్పేవాడు. పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత కూడా అందుకే అట. నాకు చాలా ఏళ్ళ తర్వాత, తాత పోయాక, ఒక విషయం తెలిసి ఒళ్ళు జలదరించింది. పక్షిశాస్త్రంలో పిట్ట అని ఒక జాతికి శాస్త్రీయనామమే ఉంది, 1816లో వియెయ్యో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెట్టాడు, ఆ మాట అచ్చంగా మన తెలుగు పిట్టే, చిన్న పక్షి అనే అర్థంతో వెళ్ళింది. ఆఫ్రికాలో ఉన్నా ఆస్ట్రేలియాలో ఉన్నా ఇంగ్లీషులో ఆ కుటుంబం పక్షులన్నీ పిట్టలే! మన దగ్గరున్నది పొన్నంగి పిట్ట, నవరంగ్ అని కూడా అంటారు, ఆకుపచ్చ వీపు, కంటి మీద నల్ల పట్టీ, రెక్కల్లో నీలం, తోక కింద ఎరుపు, చలికాలానికి దక్షిణాదికి వచ్చి ఎండుటాకుల్లో గెంతుకుంటూ పురుగులు ఏరుకుంటుంది. దాని పూర్తి శాస్త్రీయనామం పిట్ట బ్రాకియూరా, బ్రాకియూరా అంటే గ్రీకులో పొట్టితోకది. అంటే ప్రపంచంలో ఎవరైనా దాన్ని శాస్త్రీయంగా పిలవాలంటే పొట్టితోక పిట్ట అనాల్సిందే, సగం మన భాషలో. ఈ ఒక్క సంగతి తాతకి చెప్పగలిగి ఉంటే ఎంత బావుండేదో, చిలకలగూడ నుంచి వారాసిగూడ దాకా ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చేవాడు.

పిట్ట అంటే పిట్టలదొర కూడా గుర్తొస్తాడు. ఇప్పటి పిల్లలకి తెలియదేమో, ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, తలకి టోపీ, భుజాన కట్టె తుపాకీ, లత్కోరు సాబు అనీ తుపాకి రాముడు అనీ పిలిచేవాళ్ళం. గల్లీలోకి వచ్చి తనకి ఎన్ని వేల ఎకరాలున్నాయో, ఎంత పెద్ద దొరలు తనకి చుట్టాలో గుక్కతిప్పుకోకుండా కోతలు కోసేవాడు, ఆ మాటల ధార వింటూ గల్లీ ఆడవాళ్ళు బియ్యం చేట పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయేవాళ్ళు. తాత అతనికి కుర్చీ వేయించేవాడు, కళాకారుడురా అనేవాడు. అతను వెళ్ళాక మాకు తాత ఖాకీ మీద క్లాసు. ఖాక్ అంటే ఫార్సీలో దుమ్ము, మట్టి, దుమ్ము రంగు గనక ఖాకీ. తమ్ముడికి అప్పటిదాకా అది కాకి బట్ట, మరి కాకి నల్లగా ఉంటే పోలీసు బట్టలు నల్లగా లేవేంటి అని చాలా రోజుల నుంచి వాడికి మనసులో అనుమానం ఉందట! ఇక కాకి సంగతి చెప్పేదేముంది, తన పేరు తనే అరిచి చెప్పుకుంటుంది. తెలుగులో కాకి, ఉర్దూలో కవ్వా, ఇంగ్లీషులో క్రో, సంస్కృతంలో కాకం, ఎవరి చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారంతే. కోయిల, కుక్కూ కూడా ఆ బాపతే. కాకతాళీయం అనే మాట కూడా తాతే చెప్పాడు, కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగితే కాకి వల్లే రాలిందని అనుకుంటాం కదా, అది. పండు మీద పడి కాకే చచ్చిందని కూడా కొందరు చెబుతారు గానీ తాత దాన్ని ఒప్పుకునేవాడు కాదు, పిట్టలు చచ్చే కథలు ఆయనకి పడవు.

చార్మినార్ పక్కన మహబూబ్ చౌక్, 1892లో అస్మాన్ జా కట్టించిన గడియారం గుమ్మటం ఉన్న చోటు, జనం నోట్లో అది ముర్గీ చౌక్. గంపల కింద కోళ్ళు, జాలీ డబ్బాల్లో కంజులు, పావురాలు, ఒక పక్కన పసుపు కాళ్ళతో బాతులు, ఆ వాసన, ఆ ఈకలు, ఆ బేరాల అరుపులు, మధ్యలో చేతులు వెనక్కి కట్టుకుని తాత. ఫార్సీలో ముర్గ్ అంటే మొదట ఏ పక్షైనా ముర్గే, ఉర్దూలోకి వచ్చేసరికి కోడి ఒక్కటే మిగిలింది అని అక్కడే చెప్పాడు. మన తెలుగు దీనికి తిరగేసి, కోడి పేరు తీసుకెళ్ళి కొత్తగా కనపడ్డ ప్రతి పక్షికీ తగిలించింది, నీటికోడి, గిన్నికోడి, టర్కీకోడి, నిప్పుకోడి. గిన్నికోడి అంటే గిన్నెలో వండుకునే కోడి అని తమ్ముడు చెబితే గంపలు అమ్మే ఆయన కూడా నవ్వాడు, అది గినీ, ఆఫ్రికాలో ఒక ప్రాంతం. టర్కీకోడి కథ ఇంకా బాగుంటుంది, అది అసలు అమెరికా పక్షి, ఇంగ్లీషు వాళ్ళు టర్కీ నుంచి వచ్చిందనుకుని టర్కీ అన్నారు, టర్కీ వాళ్ళేమో ఇండియా నుంచి వచ్చిందనుకుని హిందీ అంటారు, ఫ్రెంచి వాళ్ళూ ఇండియా పేరుతోనే దాంద్ అంటారు. ఎవరూ తమ ఊరి పక్షి అని ఒప్పుకోలేదు పాపం దాన్ని.

నిప్పుకోడి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు, మీరాలం చెరువు పక్కనే, ఎండాకాలం సెలవుల్లో తప్పనిసరి. పులులూ సింహాలూ ఎండకి పడుకుని తోక కూడా కదిపేవి కావు, తాత నేరుగా నిప్పుకోడి ఎన్‌క్లోజర్ దగ్గరకే నడిపించేవాడు. ఆ కళ్ళు చూడాలి, మా నాయనమ్మ జాకెట్టు గుండీలంత నల్లగా నిగనిగలాడుతూ, రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, మెడ మీద బూడిదరంగు నూగు, తమ్ముడి చొక్కా మెరుపు బటన్ని చూసి తల వంచి జాలీలోంచి టక్కున పొడిచేది. నిప్పులు కూడా మింగేస్తుందని పూర్వం నమ్మేవాళ్ళు, అందుకే నిప్పుకోడి అని తాత చెప్పేవాడు. రాళ్ళు మింగడం మాత్రం నిజం, దానికి పళ్ళు లేవు కాబట్టి మేత కడుపులో నలగడానికి రాళ్ళు కావాలి. ఉర్దూలో షుతుర్‌ముర్గ్, షుతుర్ అంటే ఒంటె, ఒంటెపక్షి. తెలుగులో పుస్తకాల మాట ఉష్ట్రపక్షి, ఉష్ట్రం అన్నా ఒంటే. శాస్త్రీయనామం స్ట్రుథియో కామెలస్, అందులోనూ ఒంటె ఉంది, ఎందుకంటే గ్రీకులు దాన్ని ఒంటె పిచ్చుక అన్నారు! అంత భారీ పక్షిని పట్టుకుని పిచ్చుక అనడం ఏమిటో. ఇప్పుడు ఉష్ట్ర, ఆస్ట్రిచ్ పక్కపక్కన పెట్టి పలకండి, ఒకే మాట నుంచి వచ్చినట్టే లేవూ? తాత కూడా అలాగే నమ్మి అందరికీ చెప్పేవాడు. నిజానికి రెండిటికీ సంబంధం లేదు, ఆస్ట్రిచ్‌లో ఉన్నది లాటిన్‌లో పక్షి అనే అర్థమున్న ఏవిస్, గ్రీకు పిచ్చుక స్ట్రూథోస్, రెండూ అతుక్కుని అరిగిపోయిన రూపం అది. ఇది చదివిన రోజు నాకు తాత తప్పని అనిపించలేదు, ఒంటె దాకా ఆయన వచ్చింది సరైన దారే, చివరి మలుపులో రెండు మాటలు కవలల్లా కనిపిస్తే ఎవరు మాత్రం ఆగుతారు.

నాయనమ్మ పేర్లకి డిక్షనరీ అవసరం లేదు, వింటేనే పిట్ట కనిపిస్తుంది. గేదె మీద ఎక్కి ఊరేగే నల్లటి చీలికతోక పిట్ట పసులపోలిగాడు, ఏదో మన పక్కింటి పోలిగాడు పసులు కాయడానికి వెళ్ళినట్టు. చెట్టుకి ఉలి పెట్టినట్టు టకటకలాడించేది వడ్రంగిపిట్ట. పండిన వంకాయ పసుపుతో మెరిసేది వంగపండు. నీళ్ళ ఒడ్డున కదలకుండా నిలబడి ఎంత దగ్గరకి వెళ్ళినా ఎగరనిది గుడ్డికొంగ, హిందీవాళ్ళూ దాన్ని అంధా బగ్లా అనే అంటారు, దాని చూపుకేం ఢోకా లేదు, మన చూపుకే అది ఆనదు. ఆ కొంగ చేసేదే కొంగజపం, ఉర్దూలో బగులా భగత్, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఏ భాషలో తిట్టుకున్నా కొంగనే అడ్డం పెట్టుకున్నారు. గుడ్లగూబలో గుడ్లు మాత్రం కంటిగుడ్లు, పొదిగే గుడ్లు కాదు. ఆ గూబ ఇంటి మీద వాలితే నాయనమ్మకి భయం, తాత ఉర్దూలో ఉల్లూ అంటే తెలివితక్కువవాడు, మా ఇంగ్లీషు రీడర్లో అదేమో మహా జ్ఞాని, పూజగదిలో పటంలో లక్ష్మీదేవి పక్కన కూర్చుని ఉండేది. ఒక్క పిట్ట మీద ఇన్ని అభిప్రాయాలు ఒకే ఇంట్లో.

పాలపిట్టని కూడా దాటి వెళ్ళలేను, మన తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా రోజు జమ్మి చెట్టు దగ్గర దాన్ని చూస్తే మంచిదని ఊరి చివరిదాకా నడిచేవాళ్ళం, తీగ మీద కూర్చున్నంతసేపూ మట్టిరంగే, రెక్క విప్పిందంటే ఆ నీలం చూసి అందరం ఒక్కసారే హో అనేవాళ్ళం. హిందీలో నీల్‌కంఠ్ అంటారు గానీ నీలం ఉన్నది కంఠంలో కాదు, రెక్కల్లో. పండగ పేరుతో కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి డబ్బులకి చూపిస్తారు, రెక్కలు అతికించి కాళ్ళు కట్టి, నాకు అది చూస్తే కడుపు రగిలిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, చట్టం సంగతి అటుంచితే కూర్చున్న పాలపిట్టలో చూడటానికి ఏముంది, ఎగిరితేనే కదా పండగ.

సంక్రాంతికి మాత్రం ఆకాశం నిండా పతంగులు. హుస్సేనీ ఆలం, గుల్జార్ హౌజ్ దాకా వెళ్ళి కొనుక్కొచ్చేవాళ్ళం, మాంజా, చర్ఖా, పెంచ్, తెగితే మేడలన్నీ దద్దరిల్లేలా "అఫా" అని అరుపులు. అమ్మ గాలిపటం అంటే తమ్ముడికి నచ్చేది కాదు, పటం అంటే గోడకి తగిలించేది అనేవాడు. తాత దగ్గర దీనికీ ఒక కథ, సంస్కృతంలో పతంగం అంటే పక్షి, ఎగిరేది ఏదైనా పతంగమే, ఆ పక్షే ఇప్పుడు కాగితమై మన చేతికి వచ్చిందని. ఆ తర్వాత నేను చదివితే ఇంగ్లీషులోనూ అంతే, కైట్ అంటే ముందు గద్ద, ఆ గద్ద పేరే కాగితం గాలిపటానికి పెట్టారు. దేశాలు వేరు, భాషలు వేరు, దారానికి కట్టి పైకి పంపిన కాగితాన్ని చూసి రెండు చోట్లా పక్షే గుర్తొచ్చింది జనానికి.

ఆ సంక్రాంతి మర్నాడే మా వాటర్ ట్యాంకు వెనక ఒక పావురం దొరికింది. గులాబీరంగు మాంజా రెక్క కీలు దగ్గర చుట్టుకుని లోపలికి దిగిపోయింది, కొట్టుకున్నకొద్దీ బిగుసుకుంటోంది. తాత దాన్ని తువ్వాలులో చుట్టి, తల మీద బట్ట కప్పి, చీకటైతే పిట్ట నెమ్మదిస్తుంది అని చెబుతూ, నాయనమ్మ కుట్టుపని కత్తెర మొనతో ఒక్కో పోగూ ఎత్తి కత్తిరించాడు. ఈకల మొదట్లో నెత్తురు గడ్డకట్టి దారం కనిపించేది కాదు, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి నానబెట్టి మళ్ళీ వెతికేవాడు. మధ్యాహ్నం అంతా అదే పని, అన్నానికి లేవలేదు. నైలాన్ మాంజాని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు, దయచేసి కొనకండి, పండగ అయిపోయిన నెల్లాళ్ళకి కూడా ఆ దారం చెట్ల మీద పక్షుల కోసం కాచుకుని ఉంటుంది. సరే, తాత అలా దాని మీదకి వంగి కూర్చుని ఉంటే నాయనమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి అంది, "పావురం మీద గింత పావురమా? నా మీద ఎన్నడన్న జూపినవా?"

తాత కత్తెర పక్కన పెట్టి నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. తెలంగాణ వాళ్ళకి చెప్పక్కర్లేదు, పావురం అంటే ప్రేమ, గారాబం, మనసులో ఊరే అభిమానం. అమ్మకి ఈ మాట నేర్చుకోవడానికి టైం పట్టిందట. పెళ్ళయిన కొత్తలో నాయనమ్మ పక్కింటావిడతో "మా కోడలికి నేనంటే మస్తు పావురం" అని చెబుతుంటే విని, నేనెప్పుడు పావురాలు పెంచాను, గుంటూరులో మా ఇంట్లో పిల్లి కూడా లేదే అని నాన్నని నిలదీసిందట. నాన్న చెప్పబోతే తాత ఆపాడట, చెప్పకు, ఆమెకే తెలుస్తది అని. మాట అర్థం అడగ్గానే చెప్పేసే మనిషి ఆ ఒక్కదానికే ఎందుకు ఆపాడో నాకు ఇప్పుడు అర్థమవుతుంది. మొదటి కాన్పుకి అమ్మ నీరసంగా పడుకుని ఉంటే నాయనమ్మ రాత్రంతా కాళ్ళు ఒత్తుతూ కూర్చుందట, పొద్దున్నే అమ్మ తాత దగ్గరకి వెళ్ళి "మామయ్యా, తెలిసింది" అని మాత్రం అందట.

మొన్న విజయవాడలో పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళాం. విడిదింట్లో పెద్దవాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకుంటుంటే అమ్మ మా పాపని ఒళ్ళో వేసుకుని "దీనికి నేనంటే తెగ పావురం" అనేసింది. పిన్ని అటూ ఇటూ చూసి "పావురమేంటే అక్కా, ఎక్కడుందే?" అంది. అంతే, అమ్మ చీర కొంగు సర్దుకుని, అచ్చంగా గుంటూరు యాసలో, మా నాయనమ్మ గురించి మొదలుపెట్టింది, భోజనాలకి రమ్మని రెండుసార్లు పిలిచినా ఆపలేదు.